సొంతంగా అమర్చుకున్న కంప్యూటర్‌లో గేమ్ మందగిస్తే: కొత్త భాగం కొనే ముందు చూడవలసినవి

విడిభాగాలను ఒక్కొక్కటిగా కొని ఇంట్లోనే కంప్యూటర్ అమర్చుకోవడం మన దేశంలో కొత్త అలవాటేమీ కాదు. ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబయిలోని లామింగ్టన్ రోడ్డు, బెంగళూరులోని ఎస్పీ రోడ్డు, చెన్నైలోని రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇందుకు పేరుపడిన బజార్లు. ఇలా అమర్చుకుంటే డబ్బు ఆదా అవుతుంది, కావలసిన భాగాన్ని ఎంచుకునే వీలూ ఉంటుంది. అయితే కంపెనీ తయారు చేసి అమ్మే యంత్రానికి, ఇంట్లో కూర్చిన యంత్రానికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. మొదటిదాన్ని అమ్మకానికి ముందు కర్మాగారంలో ఎవరో ఒకరు పరీక్షిస్తారు. రెండోదానిలో ప్రతి భాగానికీ విడిగా వారంటీ ఉంటుంది గానీ, అవన్నీ కలిసి సరిగ్గా పనిచేస్తున్నాయని హామీ ఇచ్చేవారు ఎవరూ ఉండరు. ఆ పరీక్ష యజమాని చేతిమీదుగానే జరగాలి.

అదే ప్రాసెసర్, అదే గ్రాఫిక్స్ కార్డు ఉన్న మరొకరి యంత్రంలో సాఫీగా సాగే గేమ్ తమ యంత్రంలో ముక్కుతూ మూలుగుతూ నడిచినప్పుడు చాలామందికి వచ్చే తొలి ఆలోచన, గ్రాఫిక్స్ కార్డు మార్చేయాలని. 18 శాతం జీఎస్టీతో కలిపి అది పదుల వేల రూపాయల ఖర్చు. కుటుంబం కూడబెట్టిన సొమ్ముతో కొన్న కొత్త కార్డు పెట్టాక కూడా గేమ్ తీరు మారకపోతే ఆ నష్టాన్ని పూడ్చేవారు ఉండరు. ఒకసారి పెట్టె తెరిచి వాడిన కార్డును దుకాణదారు వెనక్కి తీసుకోవడం అరుదు. మరోవైపు, ఇంట్లో కూర్చిన యంత్రాలు మందగించడానికి గల సాధారణ కారణాల్లో చాలావాటికి పైసా ఖర్చు లేకుండానే పరిష్కారం ఉంది. కాబట్టి కొనుగోలు చివరి మెట్టు కావాలి. అంతకు ముందు లక్షణాన్ని గుర్తించడం, కొలవడం, ఒక్కొక్కటిగా సరిచూడడం అనే మూడు మెట్లు ఉన్నాయి.

ఒకే మాట, నాలుగు లక్షణాలు

ఈ సమస్యకు యువత నోట వినిపించే మాట ఒకటే: "గేమ్ లాగ్ అవుతోంది." ఆంగ్లంలో వెనుకబడడం అనే అర్థమున్న ఈ మాట మన వాడుకలో కనీసం నాలుగు వేర్వేరు లక్షణాలకు ఉమ్మడి పేరైంది. వైద్యుడి దగ్గరకు వెళ్లి 'ఒంట్లో బాగోలేదు' అని ఊరుకుంటే మందు రాయడం ఎంత కష్టమో, 'లాగ్' అన్న ఒక్క మాటతో కారణం వెతకడమూ అంతే కష్టం.

మొదటి లక్షణం, గేమ్ మొదలైనప్పటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా నెమ్మదిగా ఉండడం. రెండోది, ఎక్కువసేపు సాఫీగా సాగుతూ మధ్యమధ్యలో అరక్షణం ఆగి కుదుపు ఇవ్వడం. మూడోది, మొదట బాగానే ఉండి పది పదిహేను నిమిషాల తర్వాత క్రమంగా మందగించడం. నాలుగోది, చిత్రం సాఫీగానే కదులుతున్నా మీట నొక్కిన ఫలితం ఆలస్యంగా కనిపించడం, లేదా ఆన్‌లైన్ ఆటలో ఎదుటి ఆటగాడు ఒకచోట మాయమై మరోచోట ప్రత్యక్షం కావడం.

మొదటిదానికి సాధారణంగా అమరికలోనో సామర్థ్యంలోనో లోపం కారణం. రెండోదానికి మెమరీ, నిల్వ పరికరం, డ్రైవర్, నేపథ్యంలో నడిచే ప్రోగ్రాములు కారణమయ్యే అవకాశం ఎక్కువ. మూడోదానికి వేడిమి ప్రధాన అనుమానితురాలు. నాలుగోదానికి తరచుగా కారణం ఇంటర్నెట్ సంధానం. దానికి గ్రాఫిక్స్ కార్డుతో సంబంధమే ఉండకపోవచ్చు. ఏ లక్షణమో తేల్చుకుంటే వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

కొలత లేనిదే నిర్ధారణ లేదు

తెరపై కనిపించే కదలిక నిజానికి వరుసగా గీసిన నిశ్చల చిత్రాల పరంపర. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. సెకనుకు 144 రావాలంటే ఆ గడువు 6.9 మిల్లీసెకన్లకు కుదించుకుపోతుంది.

సెకనుకు సగటున ఎన్ని ఫ్రేములు వచ్చాయన్న సంఖ్య ఒక్కటే చూస్తే కుదుపులు కనబడవు. ఒక సెకనులో 59 ఫ్రేములు ఒక్కొక్కటి సుమారు 15.25 మిల్లీసెకన్లలో వచ్చి, మిగిలిన ఒక్క ఫ్రేమ్ 100 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. లెక్క ప్రకారం ఆ సెకనులో 60 ఫ్రేములు వచ్చినట్టే. కంటికి మాత్రం స్పష్టమైన కుదుపు తెలుస్తుంది. ఈ తేడాను విస్తృతంగా చర్చకు తెచ్చినవారిలో ద టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌కు చెందిన స్కాట్ వాసన్ ముఖ్యుడు. సగటుకు బదులు ఒక్కో ఫ్రేమ్‌కు పట్టిన సమయాన్ని చూడాలని 2011లో ఆయన రాసిన వ్యాసం తర్వాతి కాలపు సమీక్షల పద్ధతినే మార్చింది. నేడు సమీక్షల్లో సగటుతోపాటు 'ఒక శాతం కనిష్ఠం' అనే సంఖ్యను కూడా ఇస్తున్నారు. అత్యంత నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల ఆధారంగా దాన్ని లెక్కిస్తారు. సగటు బాగా ఉండి ఈ సంఖ్య బాగా తక్కువగా ఉంటే అది కుదుపుల సమస్య. రెండూ తక్కువగా ఉంటే అది మొత్తం వేగం సమస్య.

కొలవడానికి అవసరమైన ఉపకరణాలు ఉచితంగానే లభిస్తాయి. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో కలిసి వచ్చే రివాట్యూనర్, ఇంటెల్ రూపొందించిన ప్రెజెంట్‌మాన్, క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ వంటివి ఫ్రేముల సమయాన్ని చూపుతాయి. ఉష్ణోగ్రతలు, వోల్టేజీలు చూడడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఉపయోగపడుతుంది. వీటిని తయారీదారుల అసలు వెబ్‌సైట్ల నుంచే దింపుకోవాలి. ఇలాంటి పేర్లతో నకిలీ ప్రోగ్రాములు కూడా తిరుగుతుంటాయి.

పరీక్ష ప్రతిసారీ ఒకే దృశ్యంలో జరగాలి. గేమ్‌లోనే బెంచ్‌మార్క్ సదుపాయం ఉంటే అదే మేలు. లేకపోతే ఒకే ప్రదేశంలో, ఒకే దారిలో, ఒకే నిడివితో ఆడాలి. మూడుసార్లు కొలిచి, ఫలితాలను కాగితంపై రాసుకోవాలి. మొదటిసారి గేమ్ తన షేడర్లను సిద్ధం చేసుకుంటూ ఉండవచ్చు కాబట్టి ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది.

ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు?

ఒక ఫ్రేమ్ తయారీలో రెండు ప్రధాన దశలు ఉన్నాయి. ఏ పాత్ర ఎక్కడ ఉంది, ఏది దేనికి తగిలింది, తర్వాత ఏమి జరగాలి అన్నవి ప్రాసెసర్ లెక్కకడుతుంది. ఆ లెక్కల ప్రకారం చిత్రాన్ని గ్రాఫిక్స్ కార్డు గీస్తుంది. ఇద్దరిలో ఎవరు నెమ్మదిస్తే రెండోవారు ఆగక తప్పదు. వేగంగా ఉన్నవారిని మార్చి ఇంకా వేగమైనవారిని తెచ్చినా పని ముందుకు సాగదు.

ఎవరు నెమ్మదో తేల్చడానికి చాలా తేలికైన పరీక్ష ఉంది. గేమ్ అమరికల్లో రిజల్యూషన్ తగ్గించి చూడడమే. 1920×1080 తెరపై ఒక్కో ఫ్రేమ్‌లో సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 2560×1440లో 36.9 లక్షలు, 3840×2160లో 82.9 లక్షలు. చుక్కల సంఖ్య తగ్గితే గ్రాఫిక్స్ కార్డుపై భారం తగ్గుతుంది. ప్రాసెసర్ చేయవలసిన లెక్కలు మాత్రం దాదాపు మారవు. అందువల్ల రిజల్యూషన్ తగ్గించగానే ఫ్రేముల సంఖ్య గణనీయంగా పెరిగితే అడ్డంకి గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉన్నట్టు. ఏమాత్రం పెరగకపోతే అడ్డంకి ప్రాసెసర్ దగ్గరో, మెమరీ దగ్గరో ఉన్నట్టు. రెండో సందర్భంలో కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

గ్రాఫిక్స్ కార్డు వినియోగం 95 శాతానికి పైన నిలకడగా ఉంటే అది పూర్తి సామర్థ్యంతో పనిచేస్తున్నట్టు భావించవచ్చు. ప్రాసెసర్ విషయంలో మొత్తం వినియోగ శాతాన్ని నమ్మకూడదు. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో అది సుమారు 6 శాతమే. గేమ్‌కు కీలకమైన పని ఆ ఒక్క థ్రెడ్‌పైనే నడుస్తుంటే, తెరపై 30 శాతమే కనిపిస్తున్నా ప్రాసెసర్ అప్పటికే తన హద్దు చేరుకుని ఉండవచ్చు.

ఈ పరీక్షకు ముందు ఫ్రేముల పరిమితి పెట్టి ఉందేమో చూసుకోవాలి. గేమ్‌లో, డ్రైవర్‌లో, పక్కన నడిచే ఇతర ప్రోగ్రాములలో ఎక్కడైనా పరిమితి ఉంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తాయి. వీసింక్ ఆన్‌లో ఉంటే తెర వేగాన్ని మించి ఫ్రేములు రావు. కొన్ని ఆటల్లో 60 అందుకోలేని యంత్రం నేరుగా 30కి పడిపోవడానికీ అదే కారణం.

పైసా ఖర్చు లేని సవరణలు

మొట్టమొదట చూడవలసింది మానిటర్ తీగ. యంత్రం వెనుకవైపు రెండు చోట్ల హెచ్‌డీఎంఐ లేదా డిస్‌ప్లే పోర్ట్ రంధ్రాలు ఉంటాయి. పైన ఉన్నవి మదర్‌బోర్డువి, కింద అడ్డంగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ సదుపాయం ఉన్నప్పుడు తీగను పొరపాటున మదర్‌బోర్డుకు తగిలిస్తే తెరపై బొమ్మ వస్తుంది కాబట్టి అనుమానం రాదు. ఖరీదైన కార్డు మాత్రం ఊరికే కూర్చుంటుంది, లేదా వంకర దారిలో పనిచేస్తుంది. పేరు చివర 'ఎఫ్' అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి వాటికి ఈ చిక్కు రాదు. అక్కడ తీగ తప్పుగా పెడితే బొమ్మే రాదు.

రెండోది తెర వేగం. 144 హెర్ట్జ్ లేదా 165 హెర్ట్జ్ మానిటర్ కొన్నంత మాత్రాన విండోస్ దాన్ని ఆ వేగంతో నడుపుతుందన్న నమ్మకం లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరుసలో వెళ్లి చూస్తే అది 60 దగ్గరే ఉండిపోయిన సందర్భాలు తరచుగా కనిపిస్తాయి.

మూడోది ర్యామ్. ఇక్కడ జరిగే నష్టం చాలామంది ఊహించేదానికన్నా పెద్దది. డీడీఆర్4 3200 అని ముద్రించి ఉన్న ర్యామ్ కూడా బయోస్‌లో ప్రత్యేకంగా ఆదేశించనిదే తన పూర్తి వేగంతో నడవదు. తొలి అమరికలో అది 2133 లేదా 2400 వంటి తక్కువ వేగంతోనే మొదలవుతుంది. పూర్తి వేగం కోసం బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే అమరికను ఆన్ చేయాలి. ఏఎండీ డీడీఆర్5 బోర్డులలో దానికి సమానమైనది ఎక్స్‌పో.

దీనికి తోడు ర్యామ్‌ను జంటగా పెట్టడం ముఖ్యం. నేటి సాధారణ ప్రాసెసర్లకు మెమరీతో మాట్లాడే దారులు రెండు ఉంటాయి. ఒక్క కడ్డీ పెడితే ఒక దారే తెరుచుకుంటుంది. రెండు కడ్డీలున్నా వాటిని పక్కపక్కన పెడితే చాలా బోర్డులలో అదే జరుగుతుంది. నాలుగు గాడులున్న బోర్డులలో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండో గాడిలో, నాలుగో గాడిలో పెట్టాలి. ఖచ్చితమైన సూచన బోర్డుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. 2133 వేగంతో ఒక్క దారిలో సెకనుకు సుమారు 17 జీబీ సమాచారం ప్రయాణిస్తుంది. 3200 వేగంతో రెండు దారుల్లో అది 51.2 జీబీ. అంటే డబ్బు పెట్టి కొన్న సామర్థ్యంలో మూడో వంతుతోనే యంత్రం నడుస్తున్నా యజమానికి తెలియకపోవచ్చు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్‌తో అమర్చుకున్న చవక యంత్రాల్లో ఈ నష్టం మరీ ఎక్కువ. ఎందుకంటే వాటిలో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది.

కొన్ని ఉపకరణాలు 3200 ర్యామ్‌ను 1600 అని చూపితే కంగారు పడనక్కరలేదు. డీడీఆర్ అన్న పేరులోని అర్థమే రెట్టింపు రేటు. ఒక్కో గడియార స్పందనకు రెండుసార్లు సమాచారం కదులుతుంది కాబట్టి 1600 అన్నా 3200 అన్నా ఒకటే. ఎక్స్ఎంపీ ఆన్ చేశాక యంత్రం అస్థిరంగా మారితే వేగాన్ని ఒక మెట్టు తగ్గించి చూడాలి.

నాలుగోది గ్రాఫిక్స్ కార్డు పెట్టిన గాడి. బోర్డుపై పొడవైన గాడులు రెండు మూడు ఉన్నా అన్నీ సమానం కావు. ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న మొదటి గాడికే సాధారణంగా 16 మార్గాలు ఉంటాయి. కింది గాడి చూపుకు అంతే పొడవున్నా లోపల నాలుగు మార్గాలే ఉండవచ్చు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ఉపకరణం ఈ సంఖ్యను చూపుతుంది. గేమ్ నడుస్తున్నప్పుడే దాన్ని చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు విద్యుత్ ఆదా కోసం కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 వంటి కార్డులు పుట్టుకతోనే ఎనిమిది మార్గాలవి కాబట్టి వాటికి ఎనిమిది కనిపిస్తే లోపం కాదు. 2022 జనవరిలో వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగు మార్గాలే ఉన్నాయి. అందుకే మూడో తరం పీసీఐఈ మాత్రమే ఉన్న పాత బోర్డులో దాన్ని పెడితే పనితీరు తగ్గుతుంది.

వేసవి, దుమ్ము, వేడిమి

చిప్ వేడి గది వేడికి తోడవుతుంది. సమీక్షకులు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల చల్లని గదుల్లో పరీక్షలు జరుపుతారు. రెంటచింతల, రామగుండం, నాగ్‌పుర్ వంటి చోట్ల వేసవి పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఏసీ లేని గదిలో 38 డిగ్రీలు ఉంటే, చల్లని గదిలో 70 డిగ్రీలు చూపిన చిప్ ఇక్కడ ఇంచుమించు 85 డిగ్రీలు చూపడం సహజం. కాబట్టి సమీక్షల్లోని ఉష్ణోగ్రతలతో పోల్చుకునే ముందు గది ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోవాలి.

ప్రతి చిప్‌కు ఒక ఉష్ణ పరిమితి ఉంటుంది. ఇంటెల్ ఇటీవలి తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి అది 100 డిగ్రీలు. రైజెన్ 7000 శ్రేణిలో చాలావాటికి 95 డిగ్రీలు. పూర్తి భారంపై ఆ స్థాయికి చేరేలాగే వాటిని రూపొందించారు. పరిమితి తాకగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పది పదిహేను నిమిషాల తర్వాత గేమ్ మందగించడానికి మూలం ఇదే. ఉష్ణోగ్రత, గడియార వేగం రెండింటినీ పక్కపక్కన గమనించాలి. ఒకటి పైకి వెళ్లినప్పుడల్లా మరొకటి కిందికి వస్తుంటే నిర్ధారణ అయినట్టే.

ఆట మొదలైన నిమిషంలోపే ప్రాసెసర్ పరిమితిని తాకితే అనుమానం కూలర్ బిగింపుపై పడాలి. కూలర్ అడుగున రక్షణ కోసం అంటించిన పలుచని ప్లాస్టిక్ పొరను తీయడం మరచిపోవడం కొత్తగా అమర్చేవారిలో తరచు కనిపించే పొరపాటు. థర్మల్ పేస్ట్ చాలకపోవడం, ఒక మూల స్క్రూ వదులుగా ఉండడం ఆ తర్వాతివి. ఉష్ణోగ్రత నెమ్మదిగా పెరుగుతుంటే అనుమానం క్యాబినెట్‌లో గాలి ప్రసారంపై పడాలి. దీన్ని తేల్చడానికి క్యాబినెట్ పక్కతలుపు తీసి పావుగంట ఆడి చూస్తే చాలు. ఉష్ణోగ్రత బాగా తగ్గితే ఫ్యాన్ల దిశ తప్పో, వాటి సంఖ్య చాలకో, దుమ్ము పేరుకుపోయో ఉండాలి.

దుమ్ము దులిపేటప్పుడు విద్యుత్ తీగ పూర్తిగా ఊడదీయాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని ఉంచాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌ను బోర్డు మీద వాడకూడదు. స్థిర విద్యుత్తు వల్ల భాగాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఎస్ఎంపీఎస్‌పై అపోహ

గేమ్ నెమ్మదిస్తే ఎస్ఎంపీఎస్ మార్చమని సలహా ఇచ్చేవారు బజారులో తరచు తారసపడతారు. నిజానికి బలహీనమైన ఎస్ఎంపీఎస్ ఫ్రేముల సంఖ్యను తగ్గించడం అరుదు. భారం పెరిగినప్పుడు యంత్రం ఉన్నపళంగా ఆగిపోవడం, తిరిగి మొదలవడం దాని ప్రధాన లక్షణాలు. ఆ లక్షణాలు లేకుండా నెమ్మది మాత్రమే ఉంటే ముందుగా వేరే కారణాలు వెతకాలి.

అయితే భద్రత కోసం కొన్ని లెక్కలు తెలిసి ఉండాలి. గ్రాఫిక్స్ కార్డు పెట్టిన గాడి నుంచి 75 వాట్ల వరకు, ఎనిమిది పిన్నుల తీగ ఒక్కోదాని నుంచి 150 వాట్ల వరకు తీసుకునేలా ప్రమాణాలు ఉన్నాయి. కార్డుకు రెండు తీగలు అవసరమైతే ఎస్ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు తీగలు లాగడం మంచిది. ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల విద్యుత్ కనెక్టర్లు కరిగిన ఘటనలు 2022 చివర్లో వెలుగుచూశాయి. కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ముఖ్యమైన కారణాల్లో ఒకటని పరీక్షల్లో తేలింది. ఆ తర్వాత కనెక్టర్ ప్రమాణాన్నే సవరించారు. ఏ కార్డయినా తీగ చివరికంటా దిగిందో లేదో వెలుతురులో చూసి నిర్ధారించుకోవాలి. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. తీగ ఊడదీశాక కూడా దాని లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

కుదుపులకు మూలాలు

మధ్యమధ్య వచ్చే కుదుపులకు కారణాలు వేరు. గేమ్ అడిగినంత మెమరీ గ్రాఫిక్స్ కార్డులో లేకపోతే మిగిలిన సమాచారం ర్యామ్‌లోకి పొర్లుతుంది. అక్కడి నుంచి తెచ్చుకోవడానికి పట్టే సమయమే కుదుపుగా కనిపిస్తుంది. అమరికల్లో టెక్స్చర్ నాణ్యతను ఒక మెట్టు తగ్గించి చూడాలి. కుదుపులు మాయమైతే కారణం దొరికినట్టే.

గేమ్‌ను పాత హార్డ్ డిస్క్‌లో ఉంచడం, ఎస్ఎస్‌డీ దాదాపు నిండిపోవడం, ర్యామ్ చాలకపోవడం కూడా కుదుపులకు దారితీస్తాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే తెరుచుకునే టాస్క్ మేనేజర్‌లో ఈ మూడింటినీ ఒక చూపులో గమనించవచ్చు. నేపథ్యంలో నడిచే బ్రౌజర్, డౌన్‌లోడ్లు, ఒకటికి మించిన యాంటీవైరస్‌లు, మెరుపు దీపాలను నియంత్రించే ప్రోగ్రాములు కూడా అక్కడే బయటపడతాయి. కొత్త ప్రదేశంలోకి వెళ్లిన మొదటిసారి మాత్రమే కుదుపు వచ్చి, రెండోసారి రాకపోతే అది షేడర్ల తయారీ వల్ల కలిగినది. యంత్రం లోపం కాదు.

ఒక కంపెనీ కార్డు తీసి మరో కంపెనీ కార్డు పెట్టినప్పుడు పాత డ్రైవర్ అవశేషాలు చిక్కులు తెస్తాయి. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉపకరణంతో వాటిని తొలగించి, తయారీదారు వెబ్‌సైట్ నుంచి కొత్త డ్రైవర్ పెట్టుకోవడం పరిష్కారం.

విండోస్ 11లోని మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ అమరిక కొన్ని యంత్రాల్లో గేమ్ వేగాన్ని తగ్గించవచ్చని మైక్రోసాఫ్ట్ స్వయంగా పేర్కొంది. దాన్ని ఆపితే భద్రత తగ్గుతుందని కూడా అదే సంస్థ హెచ్చరించింది. బ్యాంకు లావాదేవీలు, కుటుంబ పత్రాలు ఉన్న యంత్రంలో కొద్దిపాటి వేగం కోసం ఆ రక్షణను వదులుకోవడం తెలివైన బేరం కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన సంగతినీ గుర్తుంచుకోవాలి.

దోషం ఒకచోట, సందేశం మరోచోట

తెరపై వచ్చే దోష సందేశం ఎప్పుడూ అసలు దోషిని చూపదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల ఉదంతం ఇందుకు మంచి ఉదాహరణ. వాటిలో కొన్ని వాడిన యంత్రాల్లో గేములు ఆగిపోతూ, వీడియో మెమరీ చాలలేదన్న సందేశం చూపేవి. సందేశాన్ని నమ్మినవారి చూపు సహజంగానే గ్రాఫిక్స్ కార్డు వైపు మళ్లింది. లోపం నిజానికి ప్రాసెసర్‌లో ఉంది. మైక్రోకోడ్ పొరపాటు వల్ల ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ కోరుతోందని ఇంటెల్ 2024 జులైలో ప్రకటించింది. ఆగస్టు నుంచి బయోస్ నవీకరణల ద్వారా సవరణలు విడుదలయ్యాయి. ప్రభావితమైన ప్రాసెసర్లకు వారంటీని మరో రెండేళ్లు పొడిగించారు. నవీకరణ ముందస్తు రక్షణ మాత్రమే. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అది బాగుచేయలేదు. దాన్ని వారంటీ కింద మార్చుకోవలసిందే.

ఇక్కడ మన పరిస్థితులకు తగిన జాగ్రత్త ఒకటి అవసరం. బయోస్ నవీకరణ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. కరెంటు కోతలు ఉండే ఊళ్లలో యూపీఎస్ లేకుండా ఆ పనికి పూనుకోకూడదు.

ఇంటర్నెట్ వేరు, యంత్రం వేరు

నాలుగో లక్షణం కనిపిస్తే ముందుగా ఇంటర్నెట్ అవసరం లేని గేమ్ ఒకటి ఆడి చూడాలి. అది సాఫీగా సాగితే యంత్రాన్ని అనుమానించనక్కరలేదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ తిన్నగా సుమారు 3,300 కిలోమీటర్లు. సంకేతం వెళ్లి రావడానికి ఎంత మంచి సంధానమైనా కనీసం 33 మిల్లీసెకన్లు పడుతుంది. ముంబయి అందులో అయిదో వంతు దూరంలోనే ఉంది. వాలరెంట్ వంటి గేములకు ముంబయిలో సర్వర్లు ఉన్నాయి కాబట్టి, గేమ్ అమరికల్లో ఏ సర్వర్ ఎంపికైందో చూడడం ఉచితమైన, ఫలవంతమైన పని. ఆ తర్వాత వైఫైకి బదులు రూటర్ నుంచి నేరుగా తీగ తగిలించి తేడా గమనించాలి.

కొనుగోలు ఎప్పుడు?

ఒకేసారి అయిదు మార్పులు చేస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. దేనివల్ల కీడు జరిగిందో అసలే తెలియదు. ఒక మార్పు చేసి, అదే దృశ్యంలో కొలిచి, ఫలితం రాసుకుని, ఆపైనే రెండోదానికి వెళ్లాలి. తీగ, తెర వేగం, ర్యామ్, గాడి, ఉష్ణోగ్రత, డ్రైవర్, నేపథ్య ప్రోగ్రాములు అన్న వరుసలో వెళ్తే చాలా సందర్భాల్లో ఒక సెలవు రోజు చాలు.

ఇవన్నీ సరిగ్గా ఉండి, రిజల్యూషన్ తగ్గించినప్పుడు ఫ్రేములు పెరిగితేనే గ్రాఫిక్స్ కార్డు గురించి ఆలోచించాలి. పెరగకపోతే ప్రాసెసర్ గురించి ఆలోచించాలి. అప్పుడు అదే బోర్డుకు సరిపోయే మెరుగైన ప్రాసెసర్ ఉందేమో ముందు చూడాలి. టెక్స్చర్ తగ్గించినప్పుడే కుదుపులు పోతే ఎక్కువ మెమరీ ఉన్న కార్డు కావాలి. ర్యామ్ ఒక్క కడ్డీయే ఉంటే జతగా మరొకటి చేర్చడం గ్రాఫిక్స్ కార్డు ధరలో చిన్న భాగంతో అయ్యే పని.

భాగం నిజంగానే లోపభూయిష్ఠమైనదని తేలితే రాసిపెట్టుకున్న కొలతలే వారంటీ కేంద్రంలో ఆధారాలు అవుతాయి. జీఎస్టీ బిల్లు, పెట్టె, దానిపై ఉన్న క్రమసంఖ్య భద్రపరచాలి. బిల్లు లేకుండా కొంత తగ్గింపు ఇస్తామనే బేరానికి ఒప్పుకుంటే, తగ్గిన సొమ్ముకన్నా పోయే హక్కు విలువ ఎక్కువ. వారంటీ ఉన్నా విక్రేత లేదా తయారీదారు స్పందించకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా పరిష్కారం కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించే అవకాశం ఉంది.